మాట చేరెనా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక పల్లెటూరిలో గ్రంథాలయము 25 సంవత్సరములు తలుపు మూయక నిలుచుట సామాన్యమైన సంగతి గాదు. అద్దె, దీపము, బీరువా, చెదలు, చందా బాకీలు, వీనినన్నిటిని దాటి వచ్చిన సంస్థకు రజతోత్సవము న్యాయముగా దక్కిన గౌరవము. ఇట్టి సభలలో విద్యామహిమను, పుస్తకముల ప్రాశస్త్యమును కొనియాడుట పరిపాటి. ఆ పని చేయగల పెద్దలు వేదికపై చాలమంది కలరు. నేటి ప్రసంగము మాత్రము ఒక చిన్న ప్రశ్నకు సంబంధించినది. పుస్తకము ఇచ్చితిమి, మాట చెప్పితిమి, కబురు పంపితిమి, అది చేరెనా? చేరినచో పంపినట్లే చేరెనా? చేరినదని దేనివలన తెలియును?

ఈ ప్రశ్నలనే ప్రధానముగా గైకొని విశ్వవిద్యాలయములలో ఒక శాస్త్రము బోధింపబడుచున్నది. దానిని ఇంగ్లీషున కమ్యూనికేషన్ అందురు. తెలుగున భావప్రసార శాస్త్రమనవచ్చును. బి.ఏ. ముగిసిన పిదప ఎం.ఏ. తరగతులలోను, ఆపై పిహెచ్.డి. పరిశోధనలోను దీనిని అభ్యసింతురు. పల్లెల పిల్లలును ఈ తరగతులలో చేరుచున్నారు. "మావాడు పత్రికలలో వ్రాయుట నేర్చుకొనుచున్నాడు" అని తండ్రి, "మా అమ్మాయి టీవీలో వార్తలు చదువును" అని తల్లి అనుకొనుచుందురు. అది నిజమే గాని అందులో సగము మాత్రమే. ఆ చదువునకు వెన్నెముక వంటివి రెండు పాఠములు కలవు. ఒకటి సిద్ధాంతము, రెండవది పరిశోధనా పద్ధతులు. మాట ఒకరినుండి ఒకరికి ఎట్లు నడచునో సిద్ధాంతము ఊహించును. ఆ యూహ నిజమో కాదో పరిశోధన పరీక్షించును. ఒకటి లేక రెండవది నిలువదు.

పూర్వము ఊళ్లలో దండోరా వేయుట అందరెరిగినదే. శిస్తు గడువు గాని, కాలువకు నీరు వదలు తేదీ గాని ప్రకటింపవలసివచ్చినపుడు చాటువాడు నాలుగు కూడళ్లలో డప్పు కొట్టి చాటి వెళ్లును. చాటింపు జరిగినదని దస్త్రములో వ్రాసికొందురు. పొలమునకు పోయినవాడు వినలేదు. విన్నవారిలో ఒకడు పదియవ తేదీ అనుకొనెను, ఒకడు పదునైదవ తేదీ అనుకొనెను. చక్కగా వినినవాడొకడు "ఇది పెద్ద రైతుల సంగతి, మనకు గాదులే" అని ఊరకుండెను. దస్త్రము ప్రకారము చాటింపు అయినది; మాట మాత్రము చేరలేదు. ఈ రెంటికి నడుమనున్న ఎడమే ఈ శాస్త్రమునకు పుట్టినిల్లు.

శాస్త్రము పేరు క్రొత్తదైనను ప్రశ్న క్రొత్తది గాదు. వాల్మీకి రామాయణము సుందరకాండలో హనుమంతుడు అశోకవనమున సీతను చూచిన వెంటనే ఎదుటికి దుమికి సందేశము చెప్పలేదు. చెట్టు కొమ్మలలో దాగి ఆలోచించెను. ద్విజునివలె సంస్కృతము పలికినచో ఈమె తన్ను రావణునిగా భావించి భయపడును, భయపడి కేక వేసినచో రాక్షసులు చేరుదురు, కార్యము చెడును. కావున సామాన్య మానవులు పలుకు వాడుక మాటలోనే చెప్పవలెనని నిశ్చయించి, తన సంగతి కంటె ముందుగా రాముని కథను మెల్లగా వినిపించెను. సందేశము సిద్ధముగా నున్నది, దూత సమర్థుడు. అయినను వినువారి స్థితిని బట్టి భాషను, వరుసను, సమయమును ఎంచుకొనెను. అలంకారశాస్త్రమున భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణము, ఆలంకారికులు చెప్పిన సహృదయుడను భావన కూడ ఈ దారిలోనివే. కావ్యము కవియొద్ద ముగియదు, సహృదయుని మనస్సునందు ఫలించును. ప్రాచీనులు ఈ సత్యమును బాగుగ ఎరుగుదురు. అయితే మాట ఎందరికి అందినది, ఎవరికి అందలేదు, ఎందువలన అందలేదు అని ఇల్లిల్లు తిరిగి లెక్క తీయు పద్ధతి మాత్రము ఇటీవలి కాలమున పుట్టినది.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1943లో విల్బర్ ష్రామ్ అను ఆచార్యుడు ఈ విద్యలో డాక్టరు పట్టమునకు పాఠప్రణాళిక సిద్ధపరచెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. రేడియోలో చేసిన విజ్ఞప్తి, గోడపై అంటించిన ప్రకటన, తెరపై చూపిన చిత్రము జనుల మనస్సున ఏమి చేయుచున్నవో తెలిసికొనవలసిన అవసరము ప్రభుత్వములకు కలిగినది. ష్రామ్ 1947లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున భావప్రసార పరిశోధనకే ఒక సంస్థను నెలకొల్పెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు 1954లో జర్నలిజము శాఖ ఏర్పడెను. ఢిల్లీలో భారత జనసమాచార సంస్థ 1965లో ఆరంభమైనది.

మొదట సిద్ధాంతముల సంగతి. 1948వ సంవత్సరము ఈ శాస్త్రమునకు ముఖ్యమైనది. ఆ యేడు అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో పనిచేయుచుండిన క్లాడ్ షానన్ అను గణితవేత్త, తీగపై పోవు వార్తకు లెక్క కట్టెను. పంపువాడు, పంపు యంత్రము, త్రోవ, త్రోవలో కలియు రొద, అందుకొను యంత్రము, అందుకొనువాడు: ఇది ఆయన గీచిన బొమ్మ. రొద ఎక్కువైనచో మాటను మరల మరల చెప్పవలెను. అందువలన త్రోవ ఖర్చు పెరుగును. ఆ యేడే హెరాల్డ్ లాస్వెల్ అను రాజనీతి శాస్త్రవేత్త ఐదు ప్రశ్నలు ప్రతిపాదించెను. చెప్పినవారెవరు, చెప్పినదేమి, ఏ మార్గమున చెప్పిరి, ఎవరికి చెప్పిరి, ఫలమేమైనది. ఈ ఐదింటికి జవాబు వ్రాసినచో ఒక ప్రసారపు చిట్టా పూర్తియగును. చాల కార్యాలయములు మొదటి మూడింటితోనే చిట్టా మూసివేయుచుండుట లోకములో కనబడుచున్నది.

రేడియో క్రొత్తగా వచ్చిన కాలమున పలువురికి ఒక నమ్మకముండెను. మాట తుపాకి గుండు వంటిది, పేల్చినచో వినువాని గుండెలో నాటుకొనును అని. ఆ నమ్మకమును కదలించినది ఒక జిల్లాలో జరిగిన విచారణ. వియన్నా నగరమున 1901లో జన్మించి, తరువాత అమెరికాకు వలసపోయిన పాల్ లాజర్స్‌ఫెల్డ్ అను పండితుడు తన సహచరులతో కలసి ఒహైయో రాష్ట్రమున ఈరీ కౌంటీ అను చిన్న జిల్లాను ఎంచుకొనెను. 1940 నాటి అధ్యక్ష ఎన్నికలలో రూజ్‌వెల్టు, విల్కీ పోటీపడుచుండిరి. మే నెలనుండి నవంబరు వరకు సుమారు 600 మంది ఓటర్లను, అదే మనుష్యులను, మరల మరల కలసి ప్రశ్నించిరి. ఎన్నికల ప్రచారము విని మనస్సు మార్చుకొన్నవారు బహు కొద్దిమంది. చాలమంది ముందే ఉన్న అభిప్రాయమును గట్టిపరచుకొనిరి. ఎవరి మాట విని నిశ్చయించుకొంటిరి అని యడుగగా పత్రిక, రేడియోల కంటె ఇంటివారి పేరు, స్నేహితుని పేరు, తోటి పనివాని పేరు ఎక్కువగా వచ్చెను. పత్రిక చదువువాడు, రేడియో వినువాడు ఊరికి ఒకరిద్దరుందురు. వారు నమ్మి చెప్పిన మాటను తక్కినవారు నమ్ముదురు. మాట రెండు అంగలలో నడచును అని 1944లో ప్రకటించిన గ్రంథమున సూచించిరి. రచ్చబండ నెరిగినవారికి ఇది ఆశ్చర్యము గాదు. ఎరిగినదానిని లెక్కతో నిలబెట్టుటయే వారు చేసిన పని.

వ్యవసాయమున కూడ ఇట్టిదే కనబడినది. అయోవా రాష్ట్రమున బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అను ఇద్దరు, సంకర జాతి మొక్కజొన్న విత్తనము రైతులలో ఎట్లు వ్యాపించెనో విచారించి 1943లో ప్రకటించిరి. రెండు గ్రామప్రాంతములలో 259 మంది రైతులను అడిగిరి. ఆ విత్తనము అక్కడికి 1928లో వచ్చెను. 1941 నాటికి ఇద్దరు దక్క అందరును దానిని స్వీకరించిరి. మొదట విత్తనము సంగతి చెప్పినవారు ఎక్కువగా కంపెనీ ఏజెంట్లు. అయితే వేయుటకు ధైర్యమిచ్చినది పొరుగు రైతు. ఏజెంటు మాట చెవిని చేరినది. గట్టుకు ఆవల నిలిచిన పంట కన్నులకు కనబడిన తరువాతనే అది మనస్సును చేరినది. ఈ త్రోవను విస్తరించి ఎవరెట్ రోజర్స్ 1962లో వ్రాసిన గ్రంథము నేటికిని తరగతులలో చదువబడుచున్నది.

ఇంకొక సిద్ధాంతము ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నుండి వచ్చినది. అక్కడి స్టువర్ట్ హాల్ 1973లో ఇట్లు వాదించెను: చెప్పువాడు ఒక అర్థమును మూటగట్టి పంపును, విప్పువాడు తన స్థితిని బట్టి విప్పుకొనును. విప్పుటలో మూడు విధములు కలవు. ఫలానా మందు పైరుకు కొట్టవలెనని సలహా వచ్చినదనుకొందము. ఒక రైతు "సరియే" అని కొట్టును. ఒకడు "మాట మంచిదే గాని నా రెండెకరములకు సగము మోతాదు చాలును" అని సవరించుకొనును. కౌలుదారుడొకడు "మందు కొట్టుమని చెప్పువారు మందు ధర ఎవరు పెట్టుకొనవలెనో చెప్పరేమి?" అని ఎదురు ప్రశ్న వేయును. ముగ్గురికిని మాట అర్థమైనది. వారిలో మూర్ఖుడెవడును లేడు. వినలేదని, తెలియనివారని కౌలుదారుని నిందించుట సులభము. అతడు వేసిన ప్రశ్నకు జవాబు వెదకుట కష్టము. ఈ శాస్త్రము రెండవ దానిని నేర్పవలెను.

ఇక పరిశోధనా పద్ధతులు. ఈ పాఠము చాలమంది విద్యార్థులకు చేదుగా నుండునందురు. అయినను చదువంతటిలోను నిజాయితీని పరీక్షించునది ఇదియే.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని సామెత. అది నిజమే, ఏలయన కుండ ఒకటి, మంట ఒకటి, నీరు ఒకటి. ఊరు అట్టి కుండ గాదు. పై వీధి మెతుకు ఉడికినంత మాత్రమున చివరి పేట మెతుకు ఉడికినదని చెప్పరాదు. ధాన్యము కొను వర్తకుడు బస్తా మూతి దగ్గరి గింజలను నమ్మడు. ఇనుప గొట్టము లోపలికి పొడిచి మచ్చు తీయును. ఈ సూక్ష్మమును మరచి ఒక పెద్ద పత్రిక నవ్వులపాలైన కథ ప్రతి తరగతిలోను చెప్పబడును. అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అను పత్రిక 1936 ఎన్నికలకు ముందు సుమారు 1 కోటి మందికి చీట్లు పంపెను. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చినవి. వానిని లెక్కించి లాండన్ గెలుచునని ప్రకటించెను. ఎన్నికలలో 48 రాష్ట్రములకు 46 రాష్ట్రములు రూజ్‌వెల్టు గెలిచెను. పత్రిక తీసికొన్న పేర్ల పట్టికలలో టెలిఫోను ఉన్నవారు, కారు ఉన్నవారు ఎక్కువ. కరవు రోజులలో అవి కలవారి ఇండ్లలోనివి. అదిగాక జవాబు వ్రాసి పంపు ఓపికయున్నవారే పంపిరి. అంతకంటె ఎంతో తక్కువ మందిని, అన్ని వర్గములకు చెందినవారిని అడిగిన జార్జి గ్యాలప్ గెలుపు ఎవరిదో సరిగా చెప్పెను. జవాబుల రాశి పెద్దదైనంత మాత్రమున సత్యము పెద్దది గాదు. ఎవరిని అడుగలేదో వారి సంఖ్యయే లెక్కను తారుమారు చేయును.

ఈ మచ్చు శాస్త్రమున భారతదేశము వెనుకబడినది గాదు. కలకత్తాలో మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థ, బెంగాలులో జనుము పంట విస్తీర్ణమును మచ్చు పద్ధతిని లెక్కగట్టి లోకమునకు మార్గము చూపెను. 1950లో జాతీయ మచ్చు సర్వే ఆరంభమైనది. ఆ సంస్థలో చేరి, 1945లో ఒక అంచనా ఎంత వరకు ఖచ్చితము కాగలదో హద్దు నిర్ణయించిన సి. ఆర్. రావు తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమభ్యసించినవారు. 2023లో, 102 సంవత్సరముల వయస్సున స్వర్గస్థులైరి.

లెక్క ఒక్కటే చాలునా? ఇందుకు గ్రంథాలయములవారు తప్పక వినదగిన ఒక ఉదాహరణము కలదు. ఆస్ట్రియా దేశమున వియన్నా సమీపమున మారియెంతాల్ అను చిన్న ఊరు. ఊరంతయు ఒక బట్టల మిల్లుపై ఆధారపడి బ్రతికెడిది. 1930 ప్రాంతమున మిల్లు మూతపడెను. 478 కుటుంబములలో అత్యధిక భాగము పనిలేనివైనవి. మారీ యహోడా, పైన చెప్పిన లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ ట్సైసెల్ మొదలగువారు అక్కడ విచారణ జరిపి 1933లో గ్రంథము ప్రకటించిరి. పనిలేనివారికి తీరిక దొరకినది గదా, చదువు పెరుగునని ఎవరైన ఊహింతురు. అక్కడి కార్మికుల గ్రంథాలయపు పుస్తకము తిరుగవేసి చూడగా, రుసుము తీసివేసినను, ఇంటికి తీసికొనిపోయిన పుస్తకముల సంఖ్య రెండేండ్లలో సుమారు సగమునకు పడిపోయెను. తీరిక మిగిలినది; ఆశ మిగులలేదు. ఆశ లేనివాడు పుస్తకము తెరువడు.

ఆ పరిశోధకులు అంతటితో ఆగలేదు. కిటికీ వెనుక నిలిచి గడియారము చేతబట్టి వీధిలో పోవువారి నడకను లెక్కించిరి. మగవారు నెమ్మదిగా నడచుచు, దారిలో మాటిమాటికి ఆగుచుండిరి. స్త్రీలు అంతకంటె త్వరగా సాగిపోవుచుండిరి. మగవారికి పని పోయినది. స్త్రీలకు వంట, పిల్లలు, ఇంటిపని పోలేదు. పిల్లలు వ్రాసిన వ్యాసములు చదివిరి, ఇంటి భోజనపు లెక్కలు తీసికొనిరి, జీవితకథలు వినిరి. ఒక సంగతిని పలు దిక్కులనుండి చూచుట అనగా ఇదియే. మరియొక నియమము కూడ పాటించిరి. ఊరిలో ఎవరును కేవలము చూడవచ్చినవారుగా ఉండరాదు. ఊరికి పనికివచ్చు పని ఏదో ఒకటి చేయవలెను. బట్టలు సేకరించి పంచిరి, వైద్యసలహా ఏర్పాటు చేసిరి. అడుగవచ్చినవాడు ఊరికి ఋణపడియుండునని వారు గుర్తించిరి.

మూడవ పద్ధతి పోల్చి చూచుట. ఇందుకు మన దేశముననే గొప్ప నిదర్శనము కలదు. 1956లో పూనా ఆకాశవాణి కేంద్రము యునెస్కో సహాయముతో నాటి బొంబాయి రాష్ట్రమున ఐదు జిల్లాలలోని సుమారు 150 గ్రామములకు మరాఠీలో వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములపై వారమునకు రెండుమారులు ప్రసారములు చేసెను. ప్రతి గ్రామమున సుమారు 20 మంది ఒకచోట కూడి వినవలెను. వినిన పిదప చర్చింపవలెను. సందేహములు కేంద్రమునకు వ్రాయవలెను. ఫలితమును పరీక్షించిన పాల్ న్యూరాత్ కూడ వియన్నాలో జన్మించినవాడే. ఆయన ఈ కూటములున్న గ్రామములను మాత్రమే చూడక, రేడియో ఉండి కూటము లేని గ్రామములను, రేడియోయే లేని గ్రామములను కూడ ప్రక్కన బెట్టి, ప్రసారములకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ప్రశ్నలడిగించెను. కూటములున్న గ్రామములలో తెలివి స్పష్టముగ పెరిగినది. రేడియో మాత్రమే ఉన్న గ్రామములలో పెరుగుదల స్వల్పము. పెట్టె ఒకటే, మాట ఒకటే. కూడి విని, ఎదురు ప్రశ్నించి, తమలో తాము తర్కించుకొన్నచోట మాట చేరినది. పోలిక లేకున్నచో ఈ సత్యము బయటపడెడిది గాదు. రేడియోకే కీర్తి దక్కెడిది.

నాలుగవది వారి నడుమ నివసించి చూచుట. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అమెరికావారి ఉపగ్రహ సహాయమున ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు పంపెను. నాటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తెలుగున కార్యక్రమములు వచ్చెను. చూచినవారిలో ఎందరో అంతకు మున్ను పత్రికయు, సినిమాయు, రేడియోయు ఎరుగనివారు. ఒకవంక వేలమందిని ప్రశ్నావళితో అడిగిరి. మరియొకవంక మానవశాస్త్ర పరిశోధకులు గ్రామములలో కాపురముండి, పెట్టె ముందు ఎవరు కూర్చుండిరి, ఎవరు దూరముగా నిలిచిరి, చూచి వెళ్లిన పిదప ఇంటిలో ఏమి మాటలాడుకొనిరి అని గమనించిరి. ప్రశ్నావళి ఎంతమందియో చెప్పును. కాపురముండుట ఎందువలననో చెప్పును.

పరిశోధకుడు పాటింపవలసిన మర్యాదలు కూడ పాఠములో భాగమే. ప్రశ్నలోనే జవాబు దాచి అడుగరాదు. "గ్రంథాలయము మంచిది గదా?" అని అడిగినచో కాదనువారెవరు? "గడచిన నెలలో గ్రంథాలయమునకు ఎన్నిమారులు వచ్చితిరి?" అని అడుగవలెను. ఎందుకు అడుగుచున్నామో ముందు చెప్పి సమ్మతి పొందవలెను. చెప్పనన్నవానిని బలవంతపెట్టరాదు. చెప్పినవాని పేరు బయటపెట్టరాదు. రెండు సంగతులు కలసి వచ్చినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణమని తీర్పు చెప్పరాదు. పుస్తకములు చదువు పిల్లలు పరీక్షలలో నెగ్గుచున్నారన్నచో, పుస్తకమువలన నెగ్గిరా, చదివించు తల్లిదండ్రులు ఇంటనుండుటవలన రెండును జరిగెనా అని విచారింపవలెను. తనకు ఇష్టములేని ఫలితము వచ్చినను దాచరాదు. లెక్క వ్రాయువానికి ధర్మమేమో ఇక్కడను అదియే.

ఇంత చదువు పల్లెకు ఎందులకని అడుగవచ్చును. రెండు కారణములు చెప్పవలసియున్నవి.

మొదటిది ప్రాణములతో కూడినది. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి సెల్‌ఫోనులలో వ్యాపించి, దేశమున పలుచోట్ల ఏ పాపమెరుగని బాటసారులు గుంపుల చేతిలో ప్రాణములు కోల్పోయిరి. ఆ యేడు జూలైలో వాట్సాప్ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదుగురికి లేక ఐదు బృందములకు మించి పంపకుండ కట్టడి చేయబూనెను. ఆ వదంతిని జనులు ఏల నమ్మిరి? పంపినవాడు అపరిచితుడు గాడు. బావమరిది, మేనల్లుడు, తోటి ఉద్యోగి. ఈరీ కౌంటీలో కనబడిన రెండవ అంగయే ఇక్కడను పనిచేసినది. మంచిమాటను మోసికొనిపోవు త్రోవయే విషమును కూడ మోయును. కావున త్రోవలో నిలిచిన ప్రతివాడును, "ఇది ఎవరు చూచిరి, ఎప్పుడు, ఎక్కడ?" అను మూడు ప్రశ్నలు వేయకుండ మాటను ముందుకు సాగనీయరాదు. పరిశోధనా పద్ధతి అనగా పట్టము పొందినవారి సొత్తు మాత్రమే గాదు; ఫోను చేతనున్న ప్రతివానికి నేడది కావలసిన విద్య.

రెండవది న్యాయముతో కూడినది. అమెరికాలోని మిన్నెసోటాలో టిచెనోర్, డొనొహ్యూ, ఓలియన్ అను ముగ్గురు 1970లో ఒక ప్రతిపాదన చేసిరి. సమాజములోనికి సమాచారము ఎక్కువగా వచ్చుకొలది, చదువు, సంపద ఉన్నవారు దానిని త్వరగా అందుకొందురు. లేనివారు మెల్లగా అందుకొందురు. కావున తెలివి పెరిగినను, ఇరువురి నడుమ ఎడము తగ్గక పెరుగును. ఇది ఆలోచింపదగిన మాట. కాలువకు నీరెక్కువ వదిలినంత మాత్రమున చివరి భూములు తడియవు. ఎగువనున్నవారే రెండవ పంటయు వేసికొందురు. గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకములు కొనినపుడు కూడ ఇదివరకు చదువుచున్నవారే ఇంకను చదువుదురు. రానివారు రానివారుగనే మిగిలిపోవుదురు. అయితే పూనా కూటములు దీనికి విరుగుడు కూడ చూపినవి. వ్రాయుట చదువుట రానివారును చర్చలో కూర్చుండి నేర్చుకొనిరి. చివరి భూమికి నీరు తనంతట పోదు, త్రవ్వి పంపవలెను.

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము నడపిన పెద్దలకు ఈ సంగతి బాగుగ తెలియును. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది మొదలు, చదువరి వచ్చునని ఎదురుచూడక పుస్తకమే చదువరి యొద్దకు పోవలెనను భావము వారిలో బలముగ నుండెను. 1935లో కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు నింపి ఊరూరికి త్రిప్పిరి. చదువు రానివారికి చదివి వినిపించు ఏర్పాట్లు చేసిరి. వారెవరును ఈ శాస్త్రములో పట్టములు పొందినవారు గారు. మాట చేరుట అనగా ఏమో ఎరిగినవారు.

ఈ రజతోత్సవమున గ్రంథాలయము తన లెక్కలను సగర్వముగ చూపవచ్చును: ఇన్ని పుస్తకములు, ఇందరు చందాదారులు, ఇన్ని ఎరువులు. అవన్నియు ఇచ్చినదాని లెక్కలు. చేరినదాని లెక్క ఇంకను వ్రాయవలసియున్నది. అందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఊరిలోని ఇండ్ల జాబితా తీసికొని, ఇంటి నంబర్లు చీట్లపై వ్రాసి, కుండలో వేసి కలిపి, ఒక చిన్నపిల్లవానిచేత 50 చీట్లు తీయింపవలెను. వచ్చిన ఇంటికి పోవలెను గాని, దారిలో కనబడిన ఇంటికి గాని, కాఫీ ఇచ్చు ఇంటికి గాని పోరాదు. తలుపు వేసియున్నచో మరల పోవలెను. ఏలయన పగలెల్ల కూలికి పోవువారి ఇండ్లే తరచు తలుపు వేసియుండును. మగవారిని మాత్రమే గాక స్త్రీలను, వృద్ధులను అడుగవలెను. స్త్రీలను అడుగుటకు స్త్రీలే పోవుట మేలు. ప్రశ్నలు నాలుగైదు చాలును. గ్రంథాలయమునకు ఎన్నడైన వచ్చితిరా? రాకున్నచో అడ్డమేమి? చదువువారెవరైన ఇంట కలరా? చదివి వినిపించినచో ఏ సంగతి వినగోరుదురు? ఏ వేళ మీకు తీరిక?

జవాబులు చేదుగా నుండవచ్చును. "ఆ గుమ్మము మాది గాదనుకొంటిమి" అని ఒకరు, "తెరచు వేళకు మేము పొలములో నుందుము" అని ఒకరు, "కన్నులు కనబడవు, అక్షరములు చిన్నవి" అని ఒకరు అనవచ్చును. అందులో ప్రతి జవాబునకు ఒక పరిష్కారము కలదు: పిలుపు, వేళ మార్పు, పెద్ద అక్షరముల పుస్తకము, చదివి వినిపించు గొంతు. అడుగకున్నచో ఏ పరిష్కారమును తోచదు. ఎం.ఏ. చదువుచున్న ఊరి యువకులు, యువతులు సెలవులకు వచ్చినపుడు ఈ పనికి పూనుకొన్నచో వారి చదువు ఊరికి, ఊరు వారి చదువునకు ఉపకరించును. మారియెంతాల్ పరిశోధకుల నియమము ప్రకారము, అడిగినవారు అడిగి వెళ్లిపోక, అడిగిన ఇంటికి వారమునకొకసారి ఒక పుస్తకము మోసికొనిపోయినచో ఋణము తీరును.

భావప్రసార శాస్త్రమున సిద్ధాంతములు మారుచుండును. షానన్ బొమ్మపై ఇతరులు గీతలు చేర్చిరి. రెండు అంగల సిద్ధాంతమునకు సవరణలు వచ్చినవి. ముందు ముందు యంత్రములే వ్రాసి యంత్రములే పంపు మాటలను గూర్చి క్రొత్త సిద్ధాంతములు రావలసియున్నవి. మారనిది ఒక్కటి: చెప్పినవాడు చెప్పితినని తృప్తిపడుట చాలదు. విననివాని గడపకు పోయి, తలవంచి, "అయ్యా, అందినదా?" అని అడుగవలెను. లేదని అతడు చెప్పినచో ఆ మాటను మొదట వ్రాసికొనవలెను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఇచ్చిన పుస్తకముల పట్టిక ప్రక్కన చేరిన ఇండ్ల పట్టిక కూడ చదువబడుగాక. అందులో చివరి వీధి పేర్లు మొదట ఉండుగాక.

స్వస్తి.